రైల్వే కార్మికుల వకీలు: వరాహగిరి వెంకటగిరి

మన ప్రాంతపు విద్యార్థులకు రైలు కొత్త వస్తువు కాదు. ఒక ప్రక్క రేణిగుంట, వేరొక ప్రక్క పాకాల, కొంచెం దూరాన గూడూరు – ఇన్ని జంక్షనుల నడుమ వెలసినది తిరుపతి. మా తరగతులలో కూర్చునేవారిలో తాతగారో, మేనమామగారో రైల్వేలో కొలువు చేసిన పిల్లలు ప్రతి సంవత్సరమూ కొందరు కనిపిస్తూనే ఉంటారు. మాకు పరిచయస్థులైన ఒక విశ్రాంత డ్రైవరుగారు ఆవిరి ఇంజనుల కాలంలో ఫైర్‌మన్‌గా ఉద్యోగంలో ప్రవేశించినవారు. ఫైర్‌మన్ అనగానే నేటి పిల్లలకు అగ్నిమాపక దళం గుర్తుకు వస్తుంది. రైలుభాషలో ఆ మాటకు అర్థం దానికి సరిగా విరుద్ధం. ఒకరు మంటను ఆర్పేవారు, వేరొకరు మంటను ఆరనీయక మేపేవారు. కదిలే ఇంజను మీద నిలబడి, పారతో బొగ్గు ఎత్తి, పొయ్యి నోట మూలమూలకూ సమంగా పడేటట్లు విసరాలి. బాయిలరులో నీటిమట్టం తగ్గకుండా, ఆవిరి పీడనం పడిపోకుండా కనిపెట్టుకొని ఉండాలి. ముఖం మీద నిప్పుల సెగ, వీపు మీద వానో చలిగాలో. ఒక ప్రయాణంలో టన్నుల కొద్దీ బొగ్గు ఆ రెండు చేతుల మీదుగానే పోవాలి. డ్యూటీ పద్నాలుగు గంటలు, పదహారు గంటలు సాగిన రోజులకు లెక్క లేదని ఆ పెద్దాయన మాకు చెప్పారు.

ఆయనే ఒకసారి మమ్మల్ని అడిగారు – మీ విద్యార్థులకు వి.వి. గిరి ఎవరో తెలుసునా అని. తెలుసు, పోటీ పరీక్షలకు చదివేవారందరికీ భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి పేరు కంఠస్థమే అన్నాము. ఆయన తృప్తి పడలేదు. గిరిగారు రాష్ట్రపతి కావడానికి నలభై యేండ్లకు ముందే రైల్వే కూలీల యూనియన్ నాయకుడనీ, ఆ సంగతి తెలియకపోతే తెలిసినట్లు కాదనీ ఆయన అభిప్రాయం. ఆ మాటలో సత్యం ఉన్నదని తోచి, మేము ఈ జీవితకథను ఆ కోణం నుండి వ్రాయ సంకల్పించాము.

వరాహగిరి వెంకటగిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. ఆ పట్టణం నేడు ఒడిశాలో ఉన్నది గాని, ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. మన చిత్తూరూ ఆ రాజధానిలోనిదే. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మగారు కూడా జాతీయోద్యమంలో పాల్గొని, మద్యపాన వ్యతిరేక పోరాటంలో అరెస్టయిన ధీర. స్థానిక కళ్లికోట కళాశాలలో చదువు ముగించి 1913లో కుమారుడు న్యాయశాస్త్రం కోసం సముద్రం దాటాడు. ఆ కాలపు ధనిక కుటుంబాల పిల్లలు సాధారణంగా లండను వెళ్లేవారు. గిరిగారు ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్లారు. ఆ చిన్న భేదమే ఆయన బ్రతుకును మలచిందని మా నమ్మకం.

ఆయన డబ్లిన్ చేరిన 1913వ సంవత్సరమే ఆ నగరంలో చరిత్రప్రసిద్ధమైన లాకౌటు జరిగింది. జేమ్స్ లార్కిన్ నడిపే రవాణా కార్మికుల యూనియన్‌లో సభ్యత్వం వదులుకుంటామని సంతకం పెట్టనివారికి పని లేదని యజమానులు తలుపులు మూసివేశారు. ఇరువది వేల మంది కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు. చివరికి 1914 ఆరంభంలో ఆకలికి లొంగి పనిలోకి పోయారు. లార్కిన్‌కు కుడిభుజంగా నిలిచిన జేమ్స్ కానలీ 1916 ఈస్టరు తిరుగుబాటుకు నాయకులలో ఒకడై, ఆంగ్ల సైనికుల తుపాకులకు బలి అయ్యాడు. ఆ తిరుగుబాటులో మరణశిక్ష పొందిన కవి థామస్ మెక్‌డొనా గిరిగారు చదివిన విశ్వవిద్యాలయ కళాశాలలో అధ్యాపకుడు. ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నవన్న అనుమానం మీద 1916లో గిరిగారికి దేశం విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చింది. స్వాతంత్ర్యానికై పోరాడే దేశం, రొట్టెకై పోరాడే కార్మికుడు – ఈ రెండూ ఒకే వీథిలో నడవడం ఆయన ఇరువది రెండేండ్ల వయస్సులో కన్నులారా చూచి వచ్చారు.

స్వదేశం చేరి మద్రాసు హైకోర్టులో వకీలుగా నమోదయ్యారు. అనీబిసెంట్ హోంరూల్ లీగులో చేరారు. ఆ బిసెంటమ్మ స్థాపించిన కళాశాల మన మదనపల్లెలో నేటికీ ఉన్నది. ఆమె అనుచరుడైన బి.పి. వాడియా 1918 ఏప్రిల్‌లో మద్రాసు లేబర్ యూనియన్‌కు అధ్యక్షుడైనాడు. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా చరిత్రకారులు దానినే పేర్కొంటారు. బకింగ్‌హాం, కర్ణాటక్ బట్టల మిల్లుల కార్మికులు అందులో సభ్యులు. కొలది కాలంలోనే మిల్లు యజమానులు హైకోర్టుకెక్కి, కార్మికులను ప్రేరేపించి తమ ఒప్పందాలకు భంగం కలిగించారని వాడియా మీద నష్టపరిహారానికి దావా వేసి, ఇంజంక్షను తెచ్చారు. అంటే జీతం పెంచమని కూలివానికి సలహా చెప్పుట చట్టరీత్యా నేరతుల్యం! ఈ అన్యాయం మీద కేంద్ర శాసనసభలో ఎన్.ఎం. జోషీగారు ఎత్తిన చర్చయే పెరిగి పెరిగి 1926 ట్రేడ్ యూనియన్ల చట్టమైనది. ఏడుగురు కలిసి దరఖాస్తు పెట్టుకుంటే యూనియన్ రిజిస్టరు కావచ్చునన్న సదుపాయం ఆ చట్టంతోనే ఆరంభమైనది.

1920లో గాంధీజీ పిలుపు విని గిరిగారు వకీలు వృత్తిని విడిచారు. 1922లో మద్యం దుకాణాల ముందు ప్రదర్శన చేసి జైలుకు వెళ్లారు. న్యాయస్థానంలో నల్లకోటు విప్పినవారు మరి ఆ వాదనాశక్తిని ఏమి చేసుకున్నారు? రైల్వే కార్మికుల పక్షాన వినియోగించారు.

బరంపురం మీదుగా పోయే రైలుమార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేది. జనం బి.ఎన్.ఆర్. అనేవారు. అది లండనులో డైరెక్టర్లు కూర్చున్న కంపెనీ. కలకత్తాలో వారి ప్రతినిధియైన ఏజెంటు ఉండేవాడు. ఖరగ్‌పూరులో దాని పెద్ద వర్క్‌షాపు. గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్లిన తెలుగువారు ఆ ఊరిలో వేలాదిగా స్థిరపడ్డారు. నేటికీ ఖరగ్‌పూరు బజారులో తెలుగు వినబడుతుంది. ఐరోపావారికీ, ఆంగ్లో–ఇండియన్లకూ ఒక జీతం, ఒక క్వార్టరు, భారతీయునికి వేరొకటి. జరిమానా వేసినా, పనిలో నుండి తీసివేసినా అడిగే దిక్కు లేదు. చదువురాని గ్యాంగుకూలీ అర్జీ ఏజెంటు బల్ల మీదికి చేరే మార్గమే లేదు. యూనియన్ అంటే జెండాయో, ఊరేగింపో అని మన విద్యార్థులు అనుకుంటారు. నూటికి తొంబదిపాళ్లు అది ఈ అర్జీల వ్యవహారమే. ఎవనిని ఎందుకు తీసివేశారు, నియమావళిలో ఏమున్నది, ఎవరికి వ్రాయాలి, జవాబు రాకపోతే తరువాత ఏమి చేయాలి – ఇట్టి ఓపిక గల పనికి న్యాయశాస్త్రం చదివిన మనిషి దొరకడం బి.ఎన్.ఆర్. కార్మికుల అదృష్టం. వారి సంఘానికి గిరిగారు నాయకులైనారు. వేరువేరు రైల్వేల సంఘాలన్నింటినీ ఒక త్రాట కట్టిన అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. పది సంవత్సరాలకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైనారు.

అసలు పరీక్ష 1927–28 సంవత్సరాలలో వచ్చింది. ఖర్చు తగ్గింపు పేరుతో కంపెనీ ఖరగ్‌పూరు కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించబూనింది. పని నిలిచింది. వర్క్‌షాపు తలుపులు మూతపడ్డాయి. డబ్లిన్ కథ ఆయన కన్నుల ముందే మరల నడుస్తున్నట్లు ఉండి ఉండాలి. కాని ముగింపు మాత్రం వేరు. గిరిగారు ఆ సమ్మెను ఆద్యంతం హింసకు తావీయక నడిపారు. రాయి విసిరితే పోలీసు వస్తాడు, పోలీసు వచ్చిన తరువాత తొలగింపు మాట ఎవరూ ఎత్తరు, శాంతిభద్రతల మాటే మిగులుతుంది – ఈ లెక్క ఆయనకు బాగా తెలుసు. కడకు ప్రభుత్వమూ, కంపెనీ కూడా దిగివచ్చి కార్మికుల కోర్కెలకు తల ఒగ్గక తప్పలేదు. భారత కార్మికోద్యమ చరిత్రలో ఆ సమ్మె ఒక మైలురాయి. ఒక సమ్మెతో కూలీల కష్టాలన్నీ గట్టెక్కినవని మేము అనడం లేదు. తొలగించిన మనిషిని గురించి అతని సంఘంతో మాట్లాడక తప్పదని కంపెనీకి మొదటిసారి తెలిసివచ్చింది. అది చాలు.

1927లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఆ సంస్థయే 1948లో సంఘం పెట్టుకొనే స్వేచ్ఛ గురించి 87వ ఒడంబడికను ఆమోదించింది. సైన్యం, పోలీసు – ఈ రెండింటి విషయం మాత్రమే ఆయా ప్రభుత్వాల ఇష్టానికి విడిచింది. మరి మంటలార్పే ఫైర్‌మన్ మాటేమిటి? యూనిఫారం వేసుకున్నా, అతడికి సంఘం పెట్టుకొనే హక్కు ఉన్నదనే ఆ సంస్థ విచారణ సంఘం తేల్చింది. అత్యవసర సేవ గనుక సమ్మెను కట్టడి చేయవచ్చును గాని, అప్పుడు అతని కష్టం వినడానికి నిష్పాక్షికమైన వేరొక మార్గం చూపాలన్నది. మన దేశం ఆ ఒడంబడిక మీద నేటికీ సంతకం చేయలేదు. మంటను మేపిన ఫైర్‌మన్‌కూ, ఆర్పే ఫైర్‌మన్‌కూ ఈ విషయంలో చుట్టరికం ఉన్నది.

1929లో నాగపూరు మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలిపోయింది. ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ ముందుకు పోవాలా, బహిష్కరించాలా అన్నది ముఖ్యమైన తగవు. జోషీగారితో పాటు గిరిగారు కూడా వెలుపలికి వచ్చి వేరే ఫెడరేషన్ పెట్టారు. కూలీల మేలు కోరేవారే రెండు ముక్కలైన ఆ ఘట్టం మాకు నచ్చదు. ఆ చీలికలో ఆయన వంతు తప్పు లేదని అనలేము. కొన్నేండ్లకు ముక్కలు మరల అతికినవి. 1931లో లండను రెండవ రౌండ్ టేబిల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు.

1937 ఎన్నికలలో ఆయన గెలిచింది సామాన్యుని మీద కాదు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాగారి మీద, అదీ బొబ్బిలిలోనే. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు ఆయనకు లభించాయి. యుద్ధం రాగానే 1939లో కాంగ్రెసు మంత్రులందరితో పాటు రాజీనామా. 1942లో క్విట్ ఇండియా. వేలూరులోనూ, అమరావతిలోనూ జైలుజీవితం, 1945లో విడుదల. చిత్తూరు నుండి గంట ప్రయాణం చేస్తే వచ్చే వేలూరు కోటను మన విద్యార్థులు విహారయాత్రకు వెళ్లి చూచి వస్తారు. అదే ఊరి జైలులో ఈయన గడిపిన రోజుల సంగతి ఎవరూ చెప్పరు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మరల కార్మికశాఖ. తరువాత సింహళంలో మన హైకమిషనరు. 1952లో పాతపట్నం నుండి లోకసభకు ఎన్నికై, నెహ్రూగారి ప్రభుత్వంలో కార్మికమంత్రి అయినారు.

ఇక్కడ కొంత నిలిచి చెప్పవలసి ఉన్నది. కార్మికమంత్రి గిరిగారికి ఒక పట్టుదల. యజమానికీ కార్మికునికీ తగవు వస్తే ప్రభుత్వం మధ్యలో దూరి, ట్రిబ్యునలు వేసి తీర్పు రుద్దడం ఆయనకు సమ్మతం కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకోవాలి. అట్లు ఆడుకోవడానికి యూనియన్‌కు బలముండాలి. ట్రిబ్యునలు అలవాటైతే యూనియన్ చచ్చిపోతుంది, కార్మికుడు తన సంఘాన్ని వదలి వకీళ్ల చుట్టూ తిరుగుతాడు అన్నది ఆయన వాదం. స్వయంగా వకీలైన మనిషి ఈ మాట అనడం గమనింపదగినది. 1952 అక్టోబరులో నైనితాల్‌లో జరిగిన కార్మిక సమావేశంలో ఈ విధానాన్ని గట్టిగా ప్రతిపాదించారు. దానికి గిరి విధానమనే పేరు స్థిరపడింది. తోటి మంత్రులకు అది రుచింపలేదు. చిత్రమేమంటే యజమానులతో పాటు కొన్ని యూనియన్లు కూడా ట్రిబ్యునలునే కోరుకున్నాయి. బలహీనమైన సంఘానికి బేరం కంటే తీర్పే సుఖం కదా. వారి భయాన్ని కూడా మేము కాదనలేము.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగవు వచ్చింది. ట్రిబ్యునలు తీర్పు, దానిమీద అప్పీలు ట్రిబ్యునలు తీర్పు అయిన తరువాత 1954 ఆగస్టులో కేంద్రప్రభుత్వం ఆ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా సవరించింది. గిరిగారు రాజీనామా ఇచ్చారు. ట్రిబ్యునళ్లనే ఇష్టపడని మనిషి ట్రిబ్యునలు తీర్పు కోసం పదవి వదలుకోవడం పైకి వింతగా తోస్తుంది. నిజానికి వింత లేదు. తీర్పుకు కట్టుబడమని కార్మికునికి చెప్పి, తీర్పు అతనికి అనుకూలంగా వచ్చినప్పుడు ప్రభుత్వమే దానిని త్రోసిపుచ్చితే, ఇక ఏ ముఖంతో కార్మికుని శాంతంగా ఉండమని చెప్పగలరు? ఆయన రాజీనామా తరువాత ప్రభుత్వం గజేంద్రగాడ్కరుగారి కమిషన్‌ను వేయవలసి వచ్చింది. 1955లో దాని సిఫారసులకు చట్టరూపం కలిగింది. ఆయన మంత్రిపదవిలో ఉన్నది రెండు సంవత్సరాలకు పైచిలుకు మాత్రమే. ఆయన కొలువులన్నింటిలోనూ మాకు మిక్కిలి గౌరవం కలిగించేది ఆ వదలుకున్న కొలువే.

తరువాతి ఉద్యోగాలను క్లుప్తంగా చెప్పి ముందుకు పోదాం. 1957 ఎన్నికలలో పార్వతీపురంలో ఓటమి. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరు. 1967లో డాక్టర్ జాకీర్ హుస్సేన్‌గారు రాష్ట్రపతి కాగా, గిరిగారు ఉపరాష్ట్రపతి. 1969 మే 3వ తేదీన జాకీర్ సాహెబు కన్నుమూశారు. గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, ఎన్నికలలో నిలబడదలచి జూలైలో రాజీనామా ఇవ్వగా, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లాగారు కొంతకాలం ఆ భారం వహించారు. ఆగస్టు 16న జరిగిన ఎన్నికలో కాంగ్రెసు అధికార అభ్యర్థి మన రాయలసీమ పెద్ద, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డిగారు. గిరిగారు స్వతంత్ర అభ్యర్థి. ఇందిరాగాంధీగారు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమనడం, మొదటి లెక్కింపులో ఎవరికీ చాలినన్ని ఓట్లు రాక రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించడం, గిరిగారు స్వల్ప ఆధిక్యంతో నెగ్గడం – ఇదంతా రాజకీయ శాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. ఇద్దరు తెలుగువారి నడుమ జరిగిన ఆ పోటీలో మన సీమలో ఎవరి పక్షాన సానుభూతి ఉండేదో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

రాష్ట్రపతి భవనంలో ఉండగా ఆయన పాత జీవితం వెదుకుకుంటూ వచ్చి తలుపు తట్టింది. 1973 ఆగస్టులో ఇంజను సిబ్బంది – డ్రైవర్లు, ఫైర్‌మన్లు – సమ్మె కట్టి, పది గంటల డ్యూటీకి ప్రభుత్వం చేత అంగీకారం పొందారు. మా డ్రైవరుగారు ఈ సంగతి చెప్పునప్పుడు పది అన్న అంకెను వేళ్ల మీద చూపించారు. మరుసటి ఏడు మే 8వ తేదీన దేశమంతటా రైల్వే సమ్మె మొదలైనది. బోనసు, జీతాల సమానత, ఎనిమిది గంటల పని వారి కోర్కెలు. సమ్మెకు ముందు నిలిచిన జార్జి ఫెర్నాండెజ్ అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. గిరిగారు తన చేతులతో కట్టిన ఫెడరేషన్ అదే! చర్చలు ముగియకముందే ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. వేలాది కార్మికులు జైళ్లపాలైనారు. వేలాదిమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కొన్నిచోట్ల రైల్వే క్వార్టర్ల నుండి ఆడవారిని, పిల్లలను కూడా వెళ్లగొట్టారు. ఇరువది రోజులకు, మే 27న, ఏమీ చేతికి రాకుండానే సమ్మె ముగిసింది.

భారత ప్రభుత్వ కార్యనిర్వహణ అంతా రాష్ట్రపతి పేరు మీద జరగాలని రాజ్యాంగ శాసనం. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాను అనుసరించి నడవాలని కూడా ఆ శాసనమే. ఖరగ్‌పూరులో తొలగించిన కూలీల కోసం సమ్మె నడిపిన మనిషి పేరు మీద, నలుబది ఆరేండ్ల తరువాత, రైల్వే కూలీలను తొలగించారు. 1954లో రాజీనామా ఇచ్చిన గిరిగారు 1974లో ఎందుకు ఇవ్వలేదని కొందరు అడుగుతారు. మంత్రి పదవి వేరు, రాష్ట్రపతి పదవి వేరు అని సమాధానం చెప్పవచ్చు. పదవీకాలం అప్పటికి మూడు నెలలే మిగిలి ఉన్నదనీ చెప్పవచ్చు. ఈ సమాధానాలు మాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. మా డ్రైవరుగారు మాత్రం ఈ ప్రశ్నకు మౌనం వహించి, టీ కప్పు క్రింద పెట్టి, గిరిగారి ఖరగ్‌పూరు రోజుల మాటే తిరిగి ఎత్తుకున్నారు.

1974 ఆగస్టు 24న గిరిగారు పదవీ విరమణ చేశారు. మరుసటి సంవత్సరం భారతరత్న లభించింది. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారగా, మధు దండవతేగారు రైల్వేమంత్రి అయి, సమ్మెలో ఉద్యోగాలు పోయిన కార్మికులను మరల పనిలోకి తీసుకున్నారు. ఆ వార్త వినడానికి గిరిగారు జీవించే ఉన్నారు. ఆయన 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో గుండెపోటుతో మరణించారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నాడు రాష్ట్రపతి స్థానంలో ఉన్నవారు నీలం సంజీవరెడ్డిగారు.